ఎరుపు లేని మిషన్

ఆర్టిస్టు పోయిన సంగతి నాకు తెలిసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. కూతురి పెళ్లిపత్రిక ఇవ్వడానికి మణుగూరు నుంచి ఇప్పుడు మేముంటున్న సత్తుపల్లికి వచ్చిన ఒక పాత కస్టమరు, మంచినీళ్లు తాగుతూ మాటల మధ్యలో చెప్పాడు.

"మీ సార్ పోయిండు గద మేడం, తెల్వదా? ఊపిరాడక శాన తిప్పలు పడ్డడు. దవాఖానాల గూడ మంచమ్మీద పండుకోలేదట. వార్డంత తిరుగుడేనట."

వార్డంతా తిరిగాడన్న మాటకు ముందు నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. చేతిలో ఉన్న పత్రికలో 'ముహూర్తం' అన్న మాటకు దీర్ఘం ఎగిరిపోయి ఉంది. ఆయనైతే ముందు ఆ దీర్ఘం సంగతి తేల్చి, తర్వాతే పెళ్లెవరిదో అడిగేవాడు.

ఆయన పేరు నాకు తెలుసు. కానీ ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. బజారుకు ఆర్టిస్టు, నాకు సార్, వాళ్లావిడకు 'ఇగో'. పాతికేళ్లపాటు మణుగూరు, అశ్వాపురం, పినపాక చుట్టుపక్కల కిరాణా కొట్ల నుంచి గని గేట్ల దాకా బోర్డులన్నీ చేత్తో రాసినవాడు. కంప్యూటరు వచ్చాక కుంచెలు కిరసనాయిలు డబ్బాలో నిలబెట్టి, షాపులో ఒక కంప్యూటరు పెట్టాడు. దాని ముందు కూర్చోవడానికి మనిషి కావాలని బయట పలక మీద సుద్దతో రాశాడు. ఆ పలక చూసి లోపలికి వెళ్లాను నేను.

పెళ్లై మణుగూరు వెళ్లిన కొత్త అది. మా ఆయనకు గనిలో ఎలక్ట్రీషియన్ పని. నేను పెనుబల్లిలో పుట్టి సత్తుపల్లిలో డీటీపీ నేర్చుకున్నదాన్ని. ఆర్టిస్టు నన్ను ఊరూ పేరూ అడగలేదు. 'హెచ్చరిక' అని కొట్టమన్నాడు. కొట్టాను. వెనక నిలబడి చూశాడు, కుడివైపుకు వెళ్లి చూశాడు, గుమ్మం దాకా నడిచి అక్కణ్నుంచి చూశాడు.

"ఆ చ కింద ఒత్తు ఎందుకట్ల ఇరుక్కపోయింది, ఊపిరాడనట్టు?"

"ఫాంటే అట్లా ఉంది సార్."

"ఫాంటు ఎవడు చేసిండో వానికి తెల్వకపోతే మనకన్నా తెల్వద్దా? కొంచెం కిందికి గుంజు." గుంజాను. "ఆ. ఇప్పుడు పీలుస్తంది గాలి. రేపటి సంది రా బిడ్డా."

కూర్చున్న ఆర్టిస్టును నేను చూడలేదు. షాపులో ఉన్న ఒక్క కుర్చీ నాది. టీ కూడా నడుస్తూనే తాగేవాడు. సగం గ్లాసు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి ఇంకో టీ చెప్పేవాడు. సాయంత్రం ఊడుస్తుంటే రంగు డబ్బాల మధ్య, సీడీల మీద, ఒకసారి ఫ్యూజు పెట్టె మీద కూడా సగం టీ గ్లాసులు దొరికేవి. ఎవరితోనైనా మాట్లాడుతుంటే ఆయన కుడిచేతి చూపుడువేలు గాల్లో అక్షరాలు రాస్తూ ఉండేది. ఎదుటివాళ్లు ఆ వేలినే చూస్తూ తాము చెప్పే మాట మరిచిపోయేవాళ్లు. ఏ బోర్డు కనిపించినా వేలు మడిచి కణుపుతో ఒక దెబ్బ వేసేవాడు. "బోర్డంటే తడితే పలకాలె" అనేవాడు. ఫ్లెక్సీలంటే అందుకే చులకన. వాటిని కొడితే దిండును కొట్టినట్టు ఉంటుంది.

అయినా ఫ్లెక్సీలతోనే బతకాల్సిన రోజులు వచ్చాయి. మాకు సొంత మిషన్ లేదు. నేను చేసిన డిజైన్లు సీడీలో వేసి పొద్దున బస్సు డ్రైవరు చేతికిస్తే, ఖమ్మంలో ప్రింటు తీసి మధ్యాహ్నం బస్సుకు చుట్టలు కట్టి పంపేవాళ్లు. బస్సు ఆలస్యమైతే ఆయన బస్టాండుకూ షాపుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగేవాడో లెక్కలేదు. చుట్ట రాగానే రోడ్డు మీదే విప్పి చూసేవాడు. కొత్తగూడెంలో ఒకరు మిషన్ తెచ్చారని, పాల్వంచలో ఇంకొకరు తెస్తున్నారని కబుర్లు వచ్చేవి. చుట్టుపక్కల వాళ్లంతా, "నువ్వు గూడ ఫ్లెక్సీ మిషన్ తేరాదే, ఇంకెన్ని దినాలు బస్సుల చుట్టు తిరుగుతవు?" అనేవాళ్లు.

ఆయన మనసు వేరే మిషన్ మీద పడింది. బల్లలా పరుచుకుని ఉంటుందట. రేకు పెడితే రేకు మీద, చెక్క పెడితే చెక్క మీద, అద్దం పెడితే అద్దం మీద నేరుగా అచ్చేస్తుందట. ఫ్లాట్‌బెడ్ అంటారు దాన్ని. అప్పటికి మా జిల్లాలో ఎవరూ కళ్లతో చూడలేదు. ఆ మాట విన్న నాటి నుంచి ఆయనకు కుదురు మరీ పోయింది. కనిపించిన ప్రతి వస్తువునూ తిప్పి చూసి, "దీని మీద పడ్తదా?" అనేవాడు. వాళ్లావిడ రొట్టెల పీట మాయమైతే మా షాపులో దొరికింది.

ఒక ఎండాకాలం ఆయనా, వాళ్లావిడా, నేనూ తెల్లవారుజామున బస్సెక్కి మిషన్ చూడటానికి హైదరాబాద్ వెళ్లాం. ఆయన ఒక గోనెసంచి తెచ్చాడు. అందులో తారు డబ్బా కోసి చదును చేసిన రేకు, టేకుచెక్క, బాత్రూం టైలు, ఒక రాతి పలక ఉన్నాయి. డీలరు షోరూంలో చెప్పులు విప్పించారు. లోపల ఏసీ చల్లదనం, ఘాటైన వాసన. గది మధ్యలో పెళ్లి మంచమంత తెల్లటి మిషన్.

టై కట్టుకున్న కుర్రాడు ఇంగ్లీషు కలిపి గడగడా చెబుతున్నాడు. ఆర్టిస్టు వినడం లేదు. మిషన్ చుట్టూ తిరుగుతున్నాడు. మూడు ప్రదక్షిణలయ్యాక సంచిలోంచి రేకు తీసి బల్ల మీద పెట్టాడు. మిషన్ తల అటు నుంచి ఇటు కదలబోతుండగా కుర్రాడు కెవ్వున అరిచి బటన్ నొక్కేశాడు.

"సార్! రేకు వంగి ఉంది! హెడ్డుకు తగిలితే మిషన్ పోయినట్టే!"

"మా దిక్కు వంగని రేకు ఏడుంటది బాబు?"

కుర్రాడు తన దగ్గరున్న నున్నటి రేకు పెట్టి మా డిజైనే వేసి చూపించాడు. ఎర్రటి అక్షరాలు తడి లేకుండా, అప్పుడే పుట్టి అప్పుడే ఆరిపోయినట్టు బయటికి వచ్చాయి. నేను చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను. ఆయన మాత్రం మిషన్ పక్కన రంగు డబ్బాలు పెట్టిన చోట వంగి చూస్తున్నాడు.

"ఇందుల ఎరుపు ఏది?"

"నాలుగే ఇంకులు సార్. నీలం, గులాబీ, పసుపు, నలుపు. గులాబీ, పసుపు కలిస్తే ఎరుపు కనిపిస్తుంది."

"కనిపిస్తది సరే. ఉన్నది ఏది?"

కుర్రాడు నవ్వాడు. ఆర్టిస్టు నవ్వలేదు. తిరుగు బస్సులో సూర్యాపేట దాకా ఆయన ఆ మాటే తిప్పి తిప్పి అన్నాడు. "పాతికేండ్లు ఎరుపంటే డబ్బా మూత తీసి పోసుకున్న. దీంట్ల ఎరుపే లేదు బిడ్డా. ఇద్దరు దోస్తులు చేతులు పట్టుకున్నంత సేపే ఎరుపు. ఒకడు చెయ్యిడిస్తే?"

"అబ్బ, ఇగో, జర కండ్లు మూసుకో," అంది వాళ్లావిడ.

నాకు అప్పుడు ఆయన బాధ చాదస్తంగా అనిపించింది. ఆ వానాకాలం దాకా అలాగే అనుకున్నాను.

పినపాక అవతల అడవి దారిలో ఒక వాగు మీద చప్టా ఉంది. ఎత్తైన వంతెన కాదు. ఎండల్లో పొడిగా రోడ్డులాగే ఉంటుంది, పైన ఎక్కడో వాన పడితే నీళ్లు దాని మీదుగా పారతాయి. అటువైపు గూడేల వాళ్లకు ఆ వాగు రంగు చూస్తే చాలు, దాటాలో ఆగాలో తెలుస్తుంది. కొత్తవాళ్ల కోసమే అక్కడ బోర్డు పెట్టారు. అంతకు రెండేళ్ల ముందు ఒక ఆఫీసు వాళ్లు అలాంటివి పన్నెండు బోర్డులు మా షాపులో చేయించారు. 'వాన కురిసినప్పుడు ఈ చప్టా దాటుట' అని నల్లని అక్షరాలు, కింద పెద్దగా 'ప్రమాదం' అని ఎర్రని అక్షరాలు. ఖమ్మంలో, అవే నాలుగు ఇంకుల మిషన్‌తో స్టిక్కరు మీద ప్రింటు తీయించి రేకులకు అంటించాం. ఎరుపు పెట్టింది నేనే. తెర మీద అది నిప్పులా మెరిసింది. ఆయన భుజం మీదుగా చూసి, "మంచిగుంది" అన్నాడు. ఆయన ఎప్పుడో గాని ఆ మాట అనడు.

ఆ వానాకాలం మోపెడ్ మీద చీరలు అమ్ముకునే ఒకాయన ఆ చప్టా దాటబోయి వాగులో కొట్టుకుపోయాడు. వేంసూరు దగ్గరి మనిషి. ఆ దారికి కొత్త. మోపెడ్ మర్నాడు దొరికింది, మనిషి మూడో రోజు దొరికాడు. ఇవన్నీ బజారులో విన్నాం. ఆ వాగు దగ్గరి బోర్డు మాదేనని నాకు తట్టనైనా తట్టలేదు.

రెండు వారాల తర్వాత ఒకావిడ, వాళ్ల తమ్ముడు షాపుకొచ్చారు. ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. మెడ బోసిగా ఉంది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"వాగు దగ్గర బోర్డు రాసింది మీరేనంట కదండీ?"

ఆర్టిస్టు నడక ఆగింది. "అవ్ అమ్మా."

"ఏం రాశారండీ దాని మీద?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఆమె గొంతులో కోపం లేదు. నాకు అదే భయంగా ఉంది.

"అందరూ ఒకే మాటంటున్నారండీ. బోర్డు పెట్టారు కదా, కళ్లు కనపడలేదా, తాగున్నాడా, అని. మా అత్తగారు కూడా అదే మాట. ఆయనకు అసలు తాగుడే లేదు. దారిలో మైలురాయి కూడా చదువుకుంటూ వెళ్లే మనిషి. ఏం రాసుంటే చదివి కూడా దిగాడో తెలుసుకుందామని వచ్చాను."

మా తమ్ముడు వద్దన్నాడండీ, అని మళ్లీ తనే అంది.

ఆర్టిస్టు షట్టరు సగం దించి, ఆటో పిలిచి, "పోదాం పాండ్రి," అన్నాడు. నలుగురం వెళ్లాం. దారి పొడుగునా ఆయన ఆటో కడ్డీ పట్టుకుని సగం బయటికి వంగి ఎదురొచ్చే ప్రతి బోర్డునూ చూస్తూనే ఉన్నాడు.

వాగు తగ్గి ఉంది. చప్టా మీద ఎర్రమన్ను పేరుకుంది. బోర్డు ఎక్కడ పెట్టారో అక్కడే, పడమటి ఎండకు ఎదురుగా ఉంది. ఆమె దాని ముందుకు వెళ్లి బడిపిల్లలాగా కూడబలుక్కుని చదివింది.

"వాన కురిసినప్పుడు... ఈ చప్టా... దాటుట..."

ఆగింది. కింద చూసింది. ఇంకా దగ్గరికెళ్లి కొంగుతో దుమ్ము తుడిచింది. దుమ్ము పోయింది. తెల్లటి రేకు మీద, ఎంగిలి చేత్తో ముట్టుకుంటే మిగిలే మరకలాంటి లేత గులాబీ నీడ ఒకటి ఉంది. అది ఏ అక్షరమో రాసిన నాకే తెలియలేదు.

"ఇక్కడ ఏదో మాటుండాలి కదండీ?"

"ఉండాలమ్మా," అన్నాడు ఆర్టిస్టు. "లేదు."

"మరి ఆయన చూళ్లేదని ఎందుకంటున్నారు?"

"సూసిండమ్మా. నీ పెనిమిటి సూసిండు, సదివిండు. తప్పు ఆయనది కాదు. అసలు మాటే మేము ఎండకు వదిలేసినం."

ఆమె అప్పుడు ఏడ్చింది. బోర్డు స్తంభం పట్టుకుని నేల మీద కూర్చుని ఏడ్చింది. వాళ్ల తమ్ముడు దూరంగా వెళ్లి నిలబడ్డాడు. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఎరుపు పెట్టింది నేనేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు. ఆర్టిస్టు ఒక్కడే ఆ చప్టా మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకూ, ఆ గట్టు నుంచి ఈ గట్టుకూ నడుస్తూ ఉన్నాడు.

మర్నాడు ఆయన ఆ బోర్డులు చేయించిన ఆఫీసుకు వెళ్లాడు. విచారణ కాగితాల్లో 'హెచ్చరిక బోర్డు ఉన్నది, మృతుడు లక్ష్యపెట్టలేదు' అని రాశారని తెలిసింది. ఆయన తెల్లకాగితం మీద తన చేతిరాతతో రాసి తీసుకెళ్లాడు. 'ఆ బోర్డు చేసింది నేను, అందులో ముఖ్యమైన మాట ఎండకు పూర్తిగా పోయింది, బోర్డు చదివినా ప్రమాదమని తెలియదు' అని. నేను వెంట ఉన్నాను. సీట్లో ఉన్నాయన చదివి కళ్లజోడు తీశాడు.

"నిన్నెవరన్నా అడిగారా?"

"లేదు సార్."

"నీ పనిలో తప్పుందని నువ్వే రాసిస్తావా? రేపు నీకు బోర్డులు ఎవరిస్తారయ్యా?"

"ఎవరియ్యకున్నా సరే సార్. మిగతా పదకొండు బోర్డులు గూడ ఇట్లనే ఉంటయి. ముందుగాల అవి పీకియ్యుండ్రి."

ఆ సీట్లో మనిషి ఆ కాగితం తీసుకోవడానికి మమ్మల్ని మూడుసార్లు తిప్పాడు. మూడుసార్లూ వెళ్లాం. మూడోసారి ముద్ర వేసి తీసుకున్నారు. కొన్నాళ్లకు విచారణ కాగితాల్లో ఆ వాక్యం మారిందని, 'బోర్డుపై అక్షరములు చదువుటకు వీలులేని స్థితిలో ఉన్నవి' అని రాశారని ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. "అక్క ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టుకుందండీ. వాళ్ల అత్తకు మూడుసార్లు చదివి వినిపించింది," అన్నాడు. ఆ ఆఫీసు బోర్డులు మాత్రం ఆ తర్వాత మాకు రాలేదు. ఆ మాట పాకి ఇంకో రెండు ఆఫీసులవీ ఆగిపోయాయి.

వాళ్లావిడ షాపుకొచ్చి నా ముందే అడిగింది. "నిజం చెప్పుడు మంచిదే. ఇగో, ఇప్పుడు ఆ మిషన్ గిషన్ ఆలోచన మానుకుంటవా?"

"ఇప్పుడే తేవాలె," అన్నాడు. "కానీ ఎట్లాంటిదో తెల్వాలె."

అక్కణ్నుంచి ఏడాదిపాటు ఆయన ఎవర్నీ కుదురుగా ఉండనివ్వలేదు. ముగ్గురు డీలర్ల దగ్గర్నుంచి నమూనాలు తెప్పించాడు. అందరికీ ఒకటే మాట పంపాం, 'ప్రమాదం'. ఎరుపులో ఒకటి, నలుపులో ఒకటి. రేకుల మీద వేసి పంపమన్నాం. అవి రాగానే షాపు డాబా మీద నులకమంచం వాల్చి దాని పట్టెలకు వాటిని వరసగా మేకులతో కొట్టాడు. ప్రతి రేకు మీదా సగం కనపడకుండా ఇంకో రేకుముక్క బిగించాడు. మూసిన సగం, ఎండిన సగం పక్కపక్కన పెడితే ఎంత పోయిందో తెలుస్తుందని. చివర్లో తన పాత ఎనామిల్ రంగుతో, తన చేత్తో రాసిన 'ప్రమాదం' కూడా ఒకటి పెట్టాడు.

మణుగూరు ఎండలు తెలిసినవాళ్లకు ఆ డాబా ఎలా కాలేదో చెప్పక్కర్లేదు. ఆయన గంటకోసారి పైకెక్కేవాడు. రేకుముక్క ఎత్తి చూసి, దించి, దిగి వచ్చేవాడు.

"గంటలో ఏం మారుద్ది సార్?" అని ఒకసారి అడిగాను.

"మారేటప్పుడు సూడకనే గద బిడ్డా మొన్న గట్లయింది."

ఆ తర్వాత నేను అడగలేదు. నేనే పైకెళ్లి చూసి వచ్చి చెప్పడం మొదలుపెట్టాను. చివరికి ఇద్దరం వంతులు వేసుకున్నాం.

మొదటి డీలరు ఎరుపు ఎండాకాలం ముగియకముందే నారింజ తొన రంగుకు వచ్చింది. రెండోవాడిది రంగు నిలిచింది గాని, తొలకరి వానలు పడ్డాక గోటితో గీకితే పొక్కులా ఊడింది. మూడోవాడిది వెలిసింది, కానీ నెమ్మదిగా వెలిసింది. ఆయన చేత్తో రాసినది వెలవలేదు, పగుళ్లు బారి అక్కడక్కడా పొలుసులు రాలింది. ఆ పొలుసులు అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు. "నాది గూడ ఓడిపోయింది," అన్నాడు. నలుపు మాత్రం అందరిదీ అలాగే ఉంది. మూసిన సగానికీ తెరిచిన సగానికీ తేడా లేదు.

ముగ్గురు డీలర్ల మనుషులనూ షాపుకు పిలిపించాడు. మొదటివాడు వచ్చి నారింజ రంగు చూసి, "ఇంత ఎండలో పెడితే ఏదైనా పోతుంది సార్, పెట్టకూడదు," అన్నాడు. "బోర్డును ఎండల పెట్టకుంటే ఇంట్ల పెడ్తమా?" అన్నాడు ఆర్టిస్టు. రెండోవాడు అయిదేళ్ల గ్యారంటీ కాగితం తీశాడు. ఆర్టిస్టు ఆ కాగితం కింద ఊడిన పొక్కు పెట్టి చూపించాడు. వాడు టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మూడోవాళ్లు ఇంజినీరును పంపారు. వరంగల్ దిక్కు మనిషి, నెత్తిన సగం వెంట్రుకలు లేవు. డాబా ఎక్కి నులకమంచం దగ్గర గొంతుకూర్చుని అన్నీ చూశాడు. కిందికి వచ్చాక గుమ్మంలో చెయ్యి రాసి చూపించాడు. వేళ్లకు బొగ్గుధూళి అంటింది.

"ఈ దుమ్ముల మా మిషన్ బతకది సార్. హెడ్డు రంధ్రాలు మూసుకపోతయి. అద్దాల గది కట్టి, లోపల వేరే గాలి పెట్టుండ్రి. రోజు పొద్దుగాల హెడ్డు కడగాలె. ఒక్క దినం మరిచినా మీ ఇష్టం."

"ఎరుపు?"

"పోతది సార్."

"ఎన్నాళ్లకు?"

"చెప్పలేను. మీద వార్నిష్ కొడితే ఇంకొన్నాళ్లు ఆగుతది. ఇన్నేండ్లు అని కాగితం మీద రాసియ్యమంటే నాతోని కాదు."

ఆర్టిస్టు రెండుసార్లు షాపంతా తిరిగి వచ్చాడు. "నీ మిషనే కొంట," అన్నాడు.

ఇంజినీరు నావైపు చూశాడు, ఈయన నిజంగానే అంటున్నాడా అన్నట్టు. నేను తలూపాను.

ఇంటి వెనక జాగా అమ్మి, మరుసటి ఎండాకాలానికి ఆ మిషన్ తెచ్చాడు. అందరూ పెద్దది కొనమన్నా చిన్న బల్లదే కొన్నాడు. అద్దాల గది కట్టించాడు. లారీ నుంచి దించిన రోజు బజారంతా వచ్చి చూసింది. అందరూ దానితో మొదట ఏం వేస్తాడా అని ఎదురుచూశారు. దేవుడి పటం వేయమని వాళ్లావిడ, ఆయన ఫోటో వేసుకోమని పక్క షాపాయన అన్నారు. ఆయన నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"రాయి బిడ్డా. వాన కురిసినప్పుడు ఈ చప్టా దాటుట ప్రమాదం. అంత నలుపే. ఆ మాట అన్నిటికంటే పెద్దగుండాలె, అన్నిటికంటే నల్లగుండాలె."

"వెనకాల పసుపు పెడదామా సార్?"

"పెట్టు. పసుపు పోతే తెలుపైతది. తెలుపు మీద గూడ నలుపు కనిపిస్తది. పోయినా నష్టం లేనిదే పెట్టు." గుమ్మం దాకా నడిచి వచ్చి, "సదువురానోళ్లు గూడ ఉంటరు గద," అన్నాడు. నడుము దాకా నీళ్లలో మునిగి చేతులెత్తిన మనిషి బొమ్మ గాల్లో వేలితో గీసి చూపించాడు. అదీ నలుపులోనే వేశాను.

బల్ల మీద రేకు పెట్టాక మిషన్ కింది నుంచి గాలి గుంజి దాన్ని కదలకుండా పట్టుకుంది. హెడ్డు అటూ ఇటూ తిరుగుతూ వరస వరసగా వేస్తుంటే ఆయన కూడా అద్దం బయట దానితో పాటు అటూ ఇటూ నడిచాడు. 'ప్రమాదం' పూర్తయ్యేసరికి నా కళ్లు మసకబారాయి. ఆ రోజే ఆయనకు చెప్పాను, ఆ ఎరుపు నేను పెట్టింది సార్ అని.

"పెట్టింది నువ్వు. మంచిగుందన్నది నేను," అన్నాడు. "ఇద్దరం మోద్దాం, బరువు తగ్గుతది."

ఆ బోర్డు పెట్టమని మాకెవరూ చెప్పలేదు. అనుమతీ లేదు. చీరలాయన భార్యకు ఫోన్ చేసి, వస్తావా అమ్మా అని అడిగాడు. "అక్కడికి మళ్లీ రాలేనండీ. మీరు పెట్టండి. పెట్టాక ఒకసారి చదివి వినిపించండి," అందట. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఆటోలో బోర్డు, రెండు ఇనుప స్తంభాలు, సిమెంటు వేసుకుని వెళ్లాం. మా ఆయన కూడా సెలవు పెట్టి వచ్చాడు. ఆయనా, ఆటో డ్రైవరూ గుంటలు తవ్వారు. ఆర్టిస్టు వంద అడుగులు వెనక్కి నడిచి చూసి, "ఇంకొంచెం ఇటు," అని, మళ్లీ నడిచి చూసి, "అటు," అని, వాళ్ల ప్రాణాలు తోడేశాడు. బిగించాక ఫోన్లో ఆమెకు మొత్తం చదివి వినిపించాడు. చివరి మాట రెండుసార్లు చదివాడు. అవతల నుంచి ఏమందో మాకు చెప్పలేదు. ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని అడవివైపు తిరిగి నిలబడ్డాడు.

అంతలో వాన అందుకుంది. ఎగువన ముందే పడుతున్నట్టుంది, చూస్తుండగానే చప్టా మీదికి నీళ్లు వచ్చాయి, చీలమండ లోతున బురదరంగులో. మేమంతా మలుపు దగ్గర ఆపిన ఆటోలోకి దూరి పరదాలు దించుకున్నాం.

పినపాక వైపు నుంచి ఒక బైకు వచ్చింది. వెనక సీటు మీద కొత్త గ్రైండరు పెట్టె తాడుతో కట్టి ఉంది. నంబరు చూస్తే మా జిల్లాది కాదు. నీళ్లు పెద్దగా లేవు. దాటేయొచ్చనే అనిపించేలా ఉన్నాయి. అతను వేగం తగ్గించాడు గాని ఆగలేదు. ఆర్టిస్టు పరదా పట్టుకుని లేవబోయాడు. మా ఆయన, "ఆగుండ్రి సార్, సూద్దాం," అని చెయ్యి పట్టుకున్నాడు.

బోర్డు దగ్గర బైకు ఆగింది. అతను మొహం మీది వాననీళ్లు తుడుచుకుని పైనుంచి కింది దాకా చదివాడు. నీళ్లవైపు చూశాడు. మళ్లీ బోర్డు చూశాడు. ఒక కాలు నేల మీద ఆనించి బైకు వెనక్కి తిప్పడానికి తిప్పలు పడుతూ, గ్రైండరు పెట్టె జారుతుంటే పట్టుకుంటూ, మాకు వినపడేంత గట్టిగా తిట్టాడు.

"ఎవడ్రా ఈడ ఈ బోర్డు పెట్టింది! మళ్ల పన్నెండు కిలోమీటర్లు సుట్టు తిరిగి సావాలె! వాని చేతులిరగ!"

బైకు మమ్మల్ని దాటి వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆటో డ్రైవరుకు కోపం వచ్చింది. "మంచి చేసినోళ్లకు ఇదా మర్యాద? ఆపి అడుగుతనుండు," అని తాళం తిప్పబోయాడు.

ఆర్టిస్టు అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన మొహమంతా తడిగా ఉంది. అందులో వాన ఎంతో నాకు తెలియదు.

"తిట్టనీయి బిడ్డా," అన్నాడు. "తిట్టుకుంట పోయేటోడు ఇల్లు చేరుతడు."